రాత్రి డ్యూటీ చేప

(విశాఖపట్నంలో జరిగిన బ్యాంకు ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బ్యాంకులో పనిచేయను. బ్యాంకులో పనిచేసే ఆయనతో పాటు ఇరవై తొమ్మిదేళ్ళుగా ఊళ్ళు మారుతున్నాను. ఈ వేదిక ఎక్కడానికి నాకున్న అర్హత అదే. కార్యదర్శి గారు ఫోన్ చేసి "మేడమ్, ఏదైనా అభిరుచి మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి, చేపల గురించైనా పర్వాలేదు" అన్నారు. ఆ 'అయినా' నాకు కాస్త గుచ్చుకుంది. కానీ చేపల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడనిచ్చేవాళ్ళు మా ఇంట్లో కూడా లేరు కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను.

అన్ని చేపల గురించీ చెప్పను. ఒకే ఒక్క చేప గురించి చెబుతాను. దాన్ని పైజమా కార్డినల్ అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు స్ఫీరామియా నెమటోప్టెరా. 1856లో బ్లీకర్ అనే డచ్చి శాస్త్రవేత్త దాన్ని లోకానికి పరిచయం చేశాడు. ఆయన జావా ద్వీపంలో సైన్యంలో డాక్టరు. రోగుల్ని చూడగా మిగిలిన టైములో చేపలకు పేర్లు పెట్టేవాడు. ఈ చేప మహా అయితే 8 సెంటీమీటర్లు, అంటే మన అరచేతిలో పడుతుంది. ముందు భాగం పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు, నడుము దగ్గర బెల్టు పెట్టినట్టు నల్లటి పట్టీ, ఆ పట్టీ వెనక తెల్లటి ఒంటి మీద ఎర్రటి మట్టిరంగు చుక్కలు. ముగ్గురు దర్జీలు మాట్లాడుకోకుండా కుట్టినట్టుంటుంది. కళ్ళు మాత్రం ఎర్రగా, తలకు మించిన సైజులో ఉంటాయి.

ఆ చుక్కల భాగం పైజమాలా కనిపించింది కాబట్టి ఇంగ్లీషువాళ్ళు ఆ పేరు పెట్టారు. పైజమా మన దేశం నుంచి వాళ్ళు పట్టుకెళ్ళిన మాట. పర్షియన్‌లో 'పాయ్' అంటే కాలు, 'జామా' అంటే వస్త్రం. మాట ఇక్కడినుంచి ఇంగ్లండు వెళ్ళి, పసిఫిక్ సముద్రంలో చేపకు తగులుకుని, మళ్ళీ మా ఇంటి హాల్లోకి వచ్చింది. ఇక కార్డినల్ అంటే ఎర్ర అంగీ తొడుక్కునే క్రైస్తవ మతాధికారి. ఈ కుటుంబంలో చాలా చేపలు ఎర్రగా ఉంటాయి, అందుకని ఆ పేరు. సముద్రంలో రాత్రి తిరిగే చేపలు ఎరుపు రంగువి కావడం కాకతాళీయం కాదు. నీళ్ళలో లోతుకు పోయేకొద్దీ ముందుగా మాయమయ్యేది ఎర్రటి వెలుగే. అక్కడ ఎర్ర చేప నల్లగా, అంటే చీకట్లో చీకటిలా ఉంటుంది.

పైజమా వేసుకుంది కదా, రాత్రిపూట నిద్రపోతుందనుకునేరు. సరిగ్గా తిరగేసి ఉంటుంది వ్యవహారం. పగలంతా కదలకుండా నిలబడి ఉండి, రాత్రి డ్యూటీకి బయల్దేరుతుంది. తెలుగులో నిశాచరుడంటే రాక్షసుడనే అర్థం ముందు తడుతుంది. ఈ నిశాచరుడు మాత్రం ఎవరి జోలికీ పోని పెద్దమనిషి.

దీని సొంతూరు పడమటి పసిఫిక్‌లోని పగడపు దిబ్బలు. ఉత్తరాన జపాన్ రియుక్యూ దీవుల వరకు, దక్షిణాన ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ వరకు ఉంటుంది. మన అండమాన్‌లో, లక్షద్వీప్‌లో దీని బంధువులు చాలా రకాలున్నాయి. పగడపు దిబ్బ మీద సాయంత్రం ఏం జరుగుతుందో వింటే మన శాఖల్లో షిఫ్టులు గుర్తొస్తాయి. పొద్దుగూకే ముందు పగటి చేపలన్నీ, అంటే ఆ రంగురంగుల సీతాకోక చేపలూ డామ్సెల్ చేపలూ, ఒక వరసలో రాతి సందుల్లోకి వెళ్ళిపోతాయి. రాత్రి చేపలు వెంటనే బయటికి రావు. మధ్యలో ఓ పదిహేను ఇరవై నిమిషాలు దిబ్బ మీద చిన్న చేప అన్నదే కనిపించదు. అది వేటాడే పెద్ద చేపల సమయం. పైనుంచి వచ్చే మిగులు వెలుగులో చిన్న చేప నీడ కిందినుంచి స్పష్టంగా తెలుస్తుంది, కానీ చిన్న చేపకు కిందనున్న శత్రువు తెలియదు. బాగా చీకటి పడ్డాక కార్డినల్ చేపలు కొమ్మల మధ్యనుంచి ఒక్కొక్కటే జారుకుని, విడివిడిగా మేతకు వెళతాయి. పగలు గుంపు, రాత్రి ఒంటరి. ఆ పెద్ద కళ్ళు ఉన్నది అందుకే. రాత్రి నీళ్ళలోకి లేచే రొయ్యపిల్లల్లాంటి సన్నటి జీవుల్ని ఆ కళ్ళతో చూసి పట్టుకుంటాయి.

తెల్లవారేసరికి ఏం చేస్తాయో అది నాకు అన్నిటికంటే ఇష్టం. ప్రతి చేపా తన కొమ్మకు తిరిగి వస్తుంది. దిబ్బకు రావడం ఒక్కటే కాదు, అదే పగడపు గుత్తికి, అదే కొమ్మకు వస్తుంది. గ్రేట్ బారియర్ రీఫ్‌లోని వన్ ట్రీ ద్వీపం దగ్గర పరిశోధకులు కార్డినల్ చేపల్ని పట్టి, గుర్తులు పెట్టి, ఒకటి రెండు కిలోమీటర్ల దూరాన వదిలిపెట్టారు. వేలెడంత చేపలు, అంత సముద్రం. అయినా చాలా చేపలు కొద్ది రోజుల్లో పాత చోటికే వచ్చి నిలబడ్డాయి. తమ దిబ్బ వాసన వాటికి తెలుసునని ఆ తర్వాతి పరిశోధనలు చెప్పాయి. మనం కూడా శాఖల్లో బతికేవాళ్ళమే, వాళ్ళ శాఖ కొమ్మ, మన శాఖ బ్యాంకు. తేడా ఏమిటంటే వాటికి బదిలీలు లేవు, చేసినా తిరిగొచ్చేస్తాయి. ఈ మాట మా ఆయనతో అంటే "రిక్వెస్టు ట్రాన్స్‌ఫర్ అంత తొందరగా వస్తుందా" అన్నారు.

ఇంకో సంగతి. ఈ కుటుంబంలో పిల్లల బాధ్యత తండ్రిది. ఆడచేప గుడ్లు పెట్టగానే మగచేప వాటిని ఒక ముద్దలా నోట్లోకి తీసుకుంటుంది. కింది దవడ ఉబ్బి, నోరు మూతపడక, గుడ్లు బయటికి కనిపిస్తూ ఉంటాయి. మధ్యమధ్యలో నోరు తెరిచి ఆ ముద్దను ఒక్కసారి తిప్పుకుంటుంది, అన్ని గుడ్లకూ గాలి తగలాలి కదా. మా తొట్టిలో ఇది ఎనిమిది, తొమ్మిది రోజులు సాగుతుంది. అన్ని రోజులూ ఉపవాసమే. ముక్కు ముందు నుంచి మేత పోతున్నా నోరు పెట్టదు. ఆడవాళ్ళం మనం ఇది విని మురిసిపోవచ్చు గానీ, పూర్తి కథ కూడా చెప్పాలి. భయం వేసినా, బలం చాలదనిపించినా కార్డినల్ తండ్రులు ఆ గుడ్లను మింగేయడం కూడా ఉంది. మళ్ళీ బతికుంటే మళ్ళీ గుడ్లు పెట్టొచ్చుననే లెక్క. దాన్ని మనిషి తూకంతో తూయడం నాకిష్టం లేదు.

ఇప్పుడు ఇంట్లో పెంచడం దగ్గరికొద్దాం. చాలామంది అక్వేరియం అంటే లైట్లు అనుకుంటారు. హాల్లో టీవీ పక్కన, చుట్టాలు రాగానే వెలిగించి చూపించే వస్తువు. ఈ చేపకు మనం కొనివ్వలేనిదీ, కానీ తప్పక ఇవ్వాల్సినదీ చీకటి. పెద్ద కళ్ళున్న చేపను రోజంతా తీక్షణమైన ఎల్‌ఈడీ కింద ఉంచితే అది రాతి వెనక మూలకు పోయి నిలబడుతుంది, మేత తినదు, మెల్లిగా చిక్కిపోతుంది. దుకాణదారుకు ఫోన్ చేస్తే మందు ఇస్తాడు. దానికి కావలసింది మందు కాదు.

మా తొట్టిలో లైటు రోజుకు తొమ్మిది గంటలే, అదీ మంద్రంగా. టైమరు పెట్టాం. ఆరిపోయేటప్పుడు ఒక్కసారి టప్పున ఆరకుండా, అరగంట సేపు తగ్గుతూ వస్తుంది. సముద్రంలో సంధ్య ఉంటుంది కదా, స్విచ్చు ఉండదు. రాత్రి ఎనిమిదికి చీకటి. ఎనిమిదిన్నరకు అవి రాళ్ళ మధ్యనుంచి బయటికొస్తాయి. అప్పుడే మేత. గడ్డకట్టించిన మైసిస్ రొయ్యలు కరిగించి, వడకట్టి, కొద్దికొద్దిగా వేస్తాను. చూడాలనిపిస్తే టార్చికి ఎర్ర సెలోఫేన్ కాగితం చుట్టి పక్కనుంచి పట్టుకుంటాను. ఎర్ర వెలుగు వాటికి సరిగా తెలియదు, కాబట్టి వాటి దోవన అవి తిరుగుతాయి.

మా ఇంట్లో ఈ ఏర్పాటు బాగా కుదరడానికి బ్యాంకే కారణం. మార్చి నెలాఖర్లో, సెప్టెంబరు అర్ధసంవత్సరం ముగింపులో ఈయన ఇంటికి వచ్చేది ఆ వేళకే. పిల్లలు నిద్రపోయి, టీవీ ఆపేసి, నేను అన్నం మూత తీస్తుంటే తొట్టిలో చేపలు మేల్కొంటాయి. భోజనం చేస్తూ వాటిని చూడటం ఆయనకు అలవాటైంది. పగటి చేపల్ని కొని ఉంటే ఆయన వాటిని ఆదివారాలు తప్ప చూసేవారే కాదు.

తొట్టి వివరాలు త్వరగా చెప్పేస్తాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. రాళ్ళు పోను 160 లీటర్ల నీళ్ళు పడతాయి. అయిదారు చేపలకు చాలు. బీచి నుంచి నీళ్ళు తెచ్చుకోవచ్చు కదా అని విశాఖలో ప్రతివాళ్ళూ అడుగుతారు. ఒడ్డు నీళ్ళలో మురుగు, నూనె, ఇంకేవేవో ఉంటాయి. ఆర్వో నీళ్ళలో అక్వేరియం ఉప్పు కలుపుకోవడమే మేలు, లీటరుకు ఇంచుమించు 35 గ్రాములు. వంటింటి ఉప్పు పనికిరాదు. సాంద్రత 1.023 నుంచి 1.025 మధ్య, వేడి 24 నుంచి 27 డిగ్రీలు. మన మే నెలకు ఇది కష్టమే. నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది కానీ నీళ్ళు త్వరగా ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. అందుకని తగ్గినంత మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు పోస్తే ఉప్పు మీద ఉప్పు చేరుతుంది. చక్రవడ్డీ తెలిసిన కుటుంబాలకు ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే ఓపిక కావాల్సింది మొదటి నెలన్నర. చేపల మలం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. అది తక్కువ మోతాదులో హాని చేయదు, నీళ్ళు మారుస్తూ ఉంటే సరిపోతుంది. ఈ రెండు రకాల బ్యాక్టీరియా రాళ్ళ మీద, ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్ని రోజులూ ఖాళీ తొట్టి ముందు కూర్చోవాలి. పిల్లలు రోజూ అడుగుతారు, పక్కింటివాళ్ళు నవ్వుతారు. ఖాతాలో నిల్వ పడకముందే చెక్కు రాయకూడదని మా ఆయన మా అబ్బాయికి చెప్పారు. వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు, చెక్కంటే ఏమిటని మళ్ళీ ఒక గంట.

పగడాల మాట. నా తొట్టిలో కొమ్మలు పింగాణీవి. నిజం పగడాలు పెట్టొచ్చు కదా అని అడుగుతారు. మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001 నుంచి రాతి పగడాలన్నీ మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. సముద్రపు గుర్రాలూ అప్పుడే అందులో చేరాయి. ఎవరైనా మన తీరం నుంచి తెచ్చిన పగడం అమ్ముతానంటే పులిగోరు అమ్ముతానన్నట్టే లెక్క. చేపకు కావలసింది నిలబడేందుకు ఒక కొమ్మ, నెత్తిన కాస్త నీడ. పింగాణీ అని అది పట్టించుకోదు. కానీ ఒకసారి అమర్చిన కొమ్మను మాటిమాటికీ జరపకండి. మా అయిదింటిలో ప్రతిదానికీ ఒక చోటుంది. తొట్టి శుభ్రం చేస్తూ ఒక కొమ్మను జానెడు పక్కకు పెడితే, ఆ చేప రెండు రోజులు ఖాళీ చోటులోనే నిలబడుతుంది.

ఎక్కడ కొనాలి అన్న ప్రశ్న దగ్గర నేను కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

ఈ పైజమా చేపకు ఒక దగ్గరి చుట్టముంది, బంగాయ్ కార్డినల్. వెండి ఒళ్ళు, నల్ల చారలు, తెల్ల ముత్యాల చుక్కలు. చాలా అందగత్తె. ఇండోనేసియాలో సులవేసి పక్కనున్న బంగాయ్ దీవుల చుట్టూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. 1933లో పేరు పెట్టారు, తర్వాత అందరూ మర్చిపోయారు. 1990లలో మళ్ళీ వెలుగులోకి వచ్చి ఫొటోలు అచ్చయ్యాయి. అంతే. ఏటా లక్షల సంఖ్యలో పట్టి దేశదేశాల అక్వేరియం దుకాణాలకు పంపారు. 2007కల్లా అది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల ఎర్ర జాబితాకెక్కింది. దాని పిల్లలు సముద్రంలో కొట్టుకుపోయి వేరే చోట పెరిగే రకం కాదు. నెల్లాళ్ళు తండ్రి నోట్లో పెరిగి, బయటికి దిగి, అక్కడే సముద్రపు ముళ్ళ ఉర్చిన్‌ల మధ్య ఉండిపోతాయి. ఒక గుంపును వలేసి ఎత్తేస్తే ఆ చోటును నింపడానికి వేరే ఊరినుంచి ఎవరూ రారు. పాతికేళ్ళు గడవకముందే, మనలాంటి వాళ్ళ హాళ్ళలో అలంకారం కోసం, ఒక జాతి ఆ స్థితికి వచ్చింది.

పైజమా కార్డినల్ అంత ప్రమాదంలో లేదు, విశాలమైన సముద్రంలో ఉంది. అయినా దుకాణంలో ఉన్న చేప ఎలా వచ్చిందన్న ప్రశ్న ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచీ, తర్వాత ఇండోనేసియా తీరాల్లోనూ అలంకార చేపల్ని సైనైడు చల్లి మత్తెక్కించి పట్టే పద్ధతి ఉంది. ఆ నీళ్ళు తగిలిన పగడం చస్తుంది. చేప అప్పటికి బతుకుతుంది, దుకాణంలో చురుగ్గానే ఉంటుంది, మన ఇంటికొచ్చిన కొన్ని వారాలకు కారణం తెలియకుండా పోతుంది. అదృష్టవశాత్తూ పైజమా కార్డినల్‌నూ బంగాయ్ కార్డినల్‌నూ ఇప్పుడు తొట్టెల్లోనే పుట్టించి పెంచుతున్నారు. కాస్త ఖరీదెక్కువ. అడిగి కొనండి. దుకాణదారు అవునంటే సరిపోదు, మీ కళ్ళముందు పొడి మేత గింజలు వేయమనండి. తొట్టిలో పుట్టిన పిల్ల గింజ మేతకు ఎగబడుతుంది. సముద్రం నుంచి కొత్తగా వచ్చిన చేప దాన్ని రాయిని చూసినట్టు చూస్తుంది. వెంటనే పెద్ద తొట్టిలో వేయకుండా మూడు నాలుగు వారాలు విడిగా ఒక చిన్న తొట్టిలో ఉంచి గమనించండి.

ఇక్కడ ఋణాల విభాగంలో ఉన్నవారికి ఒక మాట. 2018-19 బడ్జెట్ తర్వాత కిసాన్ క్రెడిట్ కార్డు చేపల పెంపకానికీ వచ్చింది, 2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వచ్చింది. అలంకార చేపల యూనిట్ పెడతామని మీ బల్ల ముందుకు కుర్రాళ్ళు వస్తారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు క్లౌన్ చేపల్ని హేచరీల్లో పుట్టించే పద్ధతి మన దేశంలోనే రూపొందించారు. వచ్చిన కుర్రాణ్ణి "చేపల్ని పుట్టిస్తావా, తెప్పించి అమ్ముతావా" అని ఒక్క ప్రశ్న అడగండి. అడగడం నా పని కాదు, తెలుసు. మీ భోజనాల బల్ల దగ్గర మీ ఇల్లాలు అడిగినట్టు అనుకోండి.

ఇక మా చేపలు పడిన పెద్ద కష్టం సంగతి. 2012లో మేము మొదటిసారి ఆరు పైజమా చేపల్ని తెచ్చుకున్నాం, ఇక్కడే, విశాఖలో. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్. ఈ హాల్లో సగం మందికి ఆ రోజు గురించి నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారి ఆగిపోయింది, తర్వాత వెనక్కి తిరిగి మళ్ళీ కొట్టింది. కిటికీ అద్దాలు రెండు పగిలాయి. చెట్టన్నది నిలబడలేదు. కరెంటు పోయింది. పాల కోసం, నీళ్ళ కోసం, పెట్రోలు కోసం క్యూలు. అలాంటప్పుడు చేపల గురించి ఆలోచించడానికి సిగ్గుపడాలేమో, నేను మాత్రం ఆలోచించాను.

కరెంటు పోతే ముందు పోయేది ప్రాణవాయువు. ఆరు చేపలు, కదలని నీళ్ళు. కొన్ని గంటలు, అంతే. సెల్లులతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఉంది. సెల్లులు రెండు రోజులకు వచ్చాయి. తర్వాత దుకాణాల్లో సెల్లులు లేవు. ఇంట్లో అందరం వంతులు వేసుకుని గంటకోసారి చెంబుతో తొట్టి నీళ్ళు తీసి జానెడు ఎత్తునుంచి మళ్ళీ అందులోకే పోశాం. ఫిల్టర్‌ను విప్పి లోపలి స్పాంజీలు తీసి తొట్టిలోనే వేలాడదీశాను. మూసిన ఫిల్టర్‌లో నీళ్ళు కదలకపోతే బ్యాక్టీరియా ఊపిరాడక చచ్చిపోయి, కరెంటొచ్చాక ఆ కుళ్ళంతా చేపల మీదికే వస్తుంది. మేత పూర్తిగా ఆపేశాను. ఆరోగ్యంగా ఉన్న చేప వారం రోజులు తినకపోయినా ఉంటుంది, కానీ మిగిలిన మేత నీళ్ళను ఒక్క రోజులో చెడగొడుతుంది. మీ ఇంట్లో ఏ చేపలున్నా సరే, ఈ మూడూ గుర్తుంచుకోండి.

ఆ వారంలో మా పెద్ద మగచేప నోట్లో గుడ్లున్నాయి. మూడో రోజు పొద్దున చూస్తే నోరు ఖాళీ. నాలుగో రోజు అన్నిటికంటే చిన్నది పోయింది. మా అమ్మాయి దాన్ని కుండీలో మందార మొక్క కింద పెట్టింది. కాలనీ అంతటా మొక్క నిలబడింది మా బాల్కనీలోనే.

ఆ రాత్రుల్లో ఇంకొకటి చూశాను. మామూలుగా మా హాల్లోకి వీధిదీపం వెలుగు పడేది. ఆ వారం విశాఖ మొత్తం మీద వెలుగు లేదు. కొండ మీద లేదు, రేవులో లేదు. మా అత్తగారు అలాంటి చీకటి తన చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో చూశానన్నారు. ఆ చీకట్లో ఎర్ర కాగితం చుట్టిన టార్చితో తొట్టి చూస్తే, మిగిలిన అయిదు చేపలూ ఎప్పుడూ లేనంత దూరం వచ్చేశాయి. ఒకదానికొకటి దూరంగా, తొట్టి నాలుగు మూలలకూ, నీటి పైఅంచుకూ, అద్దం దాకా. మేత లేదు, నీళ్ళు మురికి, అవి మాత్రం సముద్రంలో రాత్రి తిరిగినట్టు తిరుగుతున్నాయి. ఆరో రోజు కరెంటు వచ్చింది. వీధిదీపమూ వచ్చింది. చేపలు మళ్ళీ కొమ్మల దగ్గరికి జరిగాయి. ఆ నెలే నేను ఆ కిటికీకి నల్లటి మందపాటి తెర కుట్టించాను.

2016లో మాకు నాగపూర్ బదిలీ అయింది. ఇక్కడి ఆడవాళ్ళందరికీ తెలిసిన పనే అది, గ్యాస్ సిలిండరు అప్పగింత, పిల్లల టీసీలు, పాత మిక్సీ ఎవరికివ్వాలి. ఆ జాబితాలో ఈసారి అయిదు చేపలు. పంపడానికి పద్ధతి ఉంది. ముందు రోజు మేత ఆపి, మందపాటి పాలిథిన్ సంచీలో మూడో వంతు నీళ్ళు, రెండు వంతులు ఆక్సిజన్ నింపి, థర్మోకోల్ పెట్టెలో పెట్టి పంపుతారు. విమానాల్లో అలాగే వస్తాయి. కానీ నాలుగేళ్ళు తమ కొమ్మ తాము పట్టుకుని నిలబడ్డ చేపల్ని రైల్లో కుదుపుతూ తీసుకెళ్ళి, నాగపూర్ ఎండలో, ఆరు వారాలు పరిపక్వం కాని కొత్త తొట్టిలో వేయడానికి నాకు చేతులు రాలేదు. కింది ఫ్లాటులో ఉండే క్యాషియరు గారి అమ్మాయి, అప్పుడు ఇంటర్ చదువుతోంది, మేము సెలవులకు ఊరెళ్ళినప్పుడల్లా మేత వేసేది ఆ పిల్లే. ఉదయాన్నే ఫోన్ చేసి ఏ చేప ఏ కొమ్మ దగ్గరుందో చెప్పేది. తొట్టిని చేపలతో సహా, రాళ్ళు కదలకుండా, నీళ్ళు సగం తీసి, ఆరుగురం మోసుకుని ఒక అంతస్తు కిందికి దించాం. బదిలీ అంటే వాటికి పదహారు మెట్లు. ఆఖరి చేప 2018 దాకా ఉంది. ఆ పిల్ల నాకు ఫొటోలు పంపేది. నాగపూర్‌లో నేను ఉప్పునీటి తొట్టి పెట్టలేదు.

అందుకే కొనేముందు లెక్క వేసుకోమంటాను. ఈ చేప బాగా చూసుకుంటే అయిదారేళ్ళు ఉంటుంది. మన పోస్టింగు మూడేళ్ళు. ఆ మిగతా మూడేళ్ళు దాన్ని ఎవరు చూస్తారో పేరు చెప్పగలిగితేనే దుకాణానికి వెళ్ళండి. మా చెల్లెళ్ళలో ఒకరిద్దరు "పిల్లల పుట్టినరోజుకి కొందామనుకున్నాం వదినా" అన్నారు ఇందాక. పిల్లలకు ముందు మన బీచి రోడ్డులోని మత్స్యదర్శిని చూపించండి. రెండు మూడు సార్లు వెళ్ళాక కూడా అడుగుతుంటే అప్పుడు చూద్దాం.

మేము 2022లో మళ్ళీ విశాఖ వచ్చాం. ఇప్పుడున్న అయిదూ తొట్టిలో పుట్టినవే. క్యాషియరు గారి అమ్మాయికి పెళ్ళయి ఊళ్ళోనే ఉంటోంది. మాకు ఈసారి ఆర్డర్లు వస్తే ఎవరికి అప్పగించాలో నేనడగక ముందే తనే చెప్పింది.

చాలామంది అడిగే ఒక ప్రశ్నకు ముందే జవాబిస్తాను. పిల్లలు పుడతాయి కదా, పెంచి అమ్ముకోవచ్చు కదా అని. పైజమా పిల్లలు పుట్టినప్పుడు కంటికి ఆనవు. వాటికి మొదటి మేత రొటిఫర్లనే సూక్ష్మజీవులు. వాటిని పెంచడానికి మళ్ళీ ఆకుపచ్చని నాచు నీళ్ళు పెంచాలి, రోజుకు నాలుగైదు సార్లు చూడాలి. అది హేచరీ పని. మా ఇంట్లో ఆ పిల్లలు రాత్రి విడుదలై తెల్లారేసరికి ఉండవు.

ప్రస్తుతం మా పెద్ద మగచేప నోరు నిండుగా ఉంది. ఈ రోజుకి ఆరో రోజు. నిన్న మిగిలిన నాలుగింటికీ మేత వేస్తుంటే అది తన కొమ్మ దగ్గరే నిలబడి, ఒక్కసారి నోరు తెరిచి, గుడ్ల ముద్దను తిప్పుకుని, మళ్ళీ మూసుకుంది. చూడాలనుకునే పిల్లలు ఇంకో రెండు మూడు రోజుల్లో అమ్మానాన్నల్ని తీసుకుని మా ఇంటికి రావచ్చు. రాత్రి ఎనిమిదిన్నర దాటాక రండి. టార్చి మాత్రం తేకండి, ఎర్ర కాగితం చుట్టింది నా దగ్గరుంది.